రంగులరాట్నం ఇనుము, దాని మీది బొమ్మ: థీమ్ పార్కుల్లో సినిమా లోకాల లెక్క

సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి గుట్ట మీద రెండేళ్లకోసారి పెద్దగట్టు జాతర జరుగుతుంది. ఇలాంటి జాతరలకొచ్చే జెయింట్ వీల్‌ను కాస్త దగ్గరికెళ్లి చూస్తే చట్రం ఏనాటిదో చెప్పడం కష్టం. పాత వెల్డింగ్ అతుకుల మీద పొరలు పొరలుగా రంగు, బోల్టుల దగ్గర గ్రీజు మరకలు. చుట్టూ కట్టిన ఫ్లెక్సీలు మాత్రం కొత్తవి. వాటి మీద ఆ ఏడు బాగా ఆడిన సినిమా హీరో ఉంటాడు. వచ్చే జాతర నాటికి ఆ బొమ్మ పోయి ఇంకో బొమ్మ వస్తుంది. ఇనుము అదే. రాట్నం యజమానికి అయ్యే ఖర్చల్లా ఫ్లెక్సీ ప్రింటింగూ, కట్టే తాడూ. (అనుమతి మాట జాతరలో ఎవరూ ఎత్తరు, అది వేరే సంగతి.)

పెద్ద థీమ్ పార్కులు పదిహేనేళ్లుగా దీనికి పూర్తిగా తిరగేసిన పని చేస్తున్నాయి. ఒక సినిమాను తీసుకుని దాని చుట్టూ ఇనుము, కాంక్రీటు పోస్తున్నాయి. ఒక రైడ్‌కు సినిమా పేరు పెట్టడం వేరు, సినిమా లోకం కట్టడం వేరు. లోకమంటే పది, పన్నెండు ఎకరాల జాగలో తినే తిండి, అమ్మే బొమ్మ, పనివాళ్ల బట్టలు, చెత్తబుట్ట ఆకారం, చెట్ల మధ్య వినపడే చప్పుడు, అన్నీ ఆ సినిమావే కావాలి. గేటు దాటితే బయటి ప్రపంచం కనపడకూడదు. ఇలా కట్టినవాటిలో కొన్ని పార్కుల రాతనే మార్చాయి. కొన్ని మూతపడ్డాయి. తేడా ఎక్కడుందో చూడాలంటే వసూళ్ల కన్నా కథను చూడాలి.

చర్చ దక్షిణ తెలంగాణకు దూరపుదేమీ కాదు. నల్గొండ నుంచి విజయవాడ హైవే మీద పట్నం పోతుంటే చౌటుప్పల్ దాటాక రామోజీ ఫిల్మ్ సిటీ వస్తుంది. మహబూబ్‌నగర్ నుంచి బెంగళూరు హైవే పట్టి, శంషాబాద్ దగ్గర ఔటర్ ఎక్కితే రావిర్యాలలో 2016లో తెరిచిన వండర్‌లా. మొదటిదాంట్లో సినిమాయే సరుకు. రెండోదానికి సినిమాతో పని లేదు, రైడ్‌లే సరుకు. ఇక నాగార్జునసాగర్‌లో 2022 మేలో ప్రారంభమైన బుద్ధవనం 274 ఎకరాల బౌద్ధ థీమ్ పార్కు. అక్కడ సినిమా లేదు, ఎక్కే రైడ్‌లూ లేవు. మూడు దారులూ ఈ చుట్టుపక్కలే ఉన్నాయి.

చోటున్న కథ, మనిషున్న కథ

ఓర్లాండోలోని ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్ పార్కులో హ్యారీ పాటర్ లోకం 2010 జూన్ 18న తెరుచుకుంది. పరిశ్రమ అంచనాల ప్రకారం 2009లో ఆ పార్కుకు వచ్చినవాళ్లు సుమారు 46 లక్షలు, 2011లో 76 లక్షలు దాటారు. ఇంత పెరుగుదల హీరో వల్ల రాలేదు. ఆ కథ చదివిన పిల్లవాడికి బడి తెలుసు, బడి పక్కన ఊరు తెలుసు, ఆ ఊళ్లో ఏ దుకాణంలో మంత్రదండం అమ్ముతారో, ఏ హోటల్లో ఏ పానీయం దొరుకుతుందో తెలుసు. పార్కువాళ్లు కొత్తగా కల్పించింది తక్కువ. కథలో ముందే ఉన్న బజారును కొలతలతో సహా కట్టి, కథలో అమ్మినవే అమ్మారు. మంత్రదండం, వెన్నరుచి పానీయం మంచి రాబడి అయ్యాయి.

అవతార్ లోకం 2017 మేలో ఫ్లోరిడాలోనే మరో పార్కులో తెరిచారు. మొదటి సినిమా 2009లో వచ్చింది, రెండోది 2022 దాకా రాలేదు. మధ్యలో ఆ హీరో పేరు అడిగితే చెప్పగలిగేవాళ్లు ఎందరో అనుమానమే. అయినా జనం విరగబడ్డారు. గాల్లో తేలే కొండలు, రాత్రి మెరిసే అడవి గుర్తున్నాయి, చాలు. హీరో లేకుండానే లోకం నడిచింది.

2019లో వచ్చిన స్టార్ వార్స్ లోకంలో ఇదే తిరగబడింది. కాలిఫోర్నియాలో, ఫ్లోరిడాలో చెరో 14 ఎకరాల్లో కట్టారు. పనితనంలో వంక పెట్టడానికి లేదు. కానీ కట్టింది ఏ సినిమాలోనూ చూపించని బటూ అనే కొత్త ఊరు. కాలం కూడా కొత్త సినిమాల కాలమే అన్నారు కాబట్టి తరాలుగా తెలిసిన పాత పాత్రల్లో చాలావాటికి అందులో చోటు లేదు. తెరిచిన నాటికి ఒకటే రైడ్ సిద్ధమైంది, పెద్ద రైడ్ ఫ్లోరిడాలో డిసెంబర్‌లో, కాలిఫోర్నియాలో 2020 జనవరిలో వచ్చింది. తెలిసిన చోటూ లేదు, తెలిసిన మనుషులూ తక్కువే. చివరికి కాలిఫోర్నియా పార్కులో ఆ కాలం పట్టింపు వదిలి పాత పాత్రలను దింపుతామని 2025లో ప్రకటించారు. దీనికి తోడుగా 2022 మార్చిలో తెరిచిన అంతరిక్షనౌక హోటల్ ఏడాదిన్నరకే, 2023 సెప్టెంబర్‌లో మూతపడింది.

హిట్టే కొలమానమని నమ్మేవాళ్లు వాటర్‌వరల్డ్ సంగతి చూడాలి. 1995లో అప్పటికి అత్యంత ఖరీదైన సినిమాగా వచ్చి ఆశించినంత ఆడలేదు. అదే ఏడు హాలీవుడ్‌లోని యూనివర్సల్ స్టూడియోస్ పార్కులో దాని పేరుతో మొదలైన నీళ్ల మీది ఫైట్ల షో ముప్పై ఏళ్లుగా నడుస్తోంది. చూసేవాళ్లలో సినిమా చూసినవాళ్లు కొందరే. పడవలు, పేలుళ్లు, తుప్పు పట్టిన కోట చాలు, కథ తెలియకపోయినా ఫరవాలేదు.

ఈ గీటురాయి మీద తెలుగు సినిమాను గీస్తే ఏది నిలుస్తుంది? మాహిష్మతి నిలుస్తుంది. 2015, 2017ల్లో వచ్చిన బాహుబలి రెండు భాగాల్లో ఆ కోటకు వాకిలి, సభ, వీధి, గుడి ఉన్నాయి. సెట్‌ను ఫిల్మ్ సిటీలోనే ఉంచి సందర్శకులకు చూపించడం అందుకే కుదిరింది. 2024లో వచ్చిన కల్కిలో ఎండిపోయిన కాశీ, దాని మీద తేలే కాంప్లెక్స్ ఉన్నాయి కాబట్టి అదీ చోటున్న కథే. మన మాస్ సినిమాల్లో ఎక్కువ వాటికి మాత్రం చోటు ఉండదు. హీరో నడక, డైలాగు, పాట ఉంటాయి. నడకకు పునాది తవ్వలేం. పైగా ఒక హీరో లోకం కడితే రెండో హీరో అభిమానులు గేటు దగ్గరే అలుగుతారు. ఆ తగాదా తీర్చడం పార్కు మేనేజర్ చేతిలో లేని పని.

దుబాయ్‌లో ఈ పరీక్ష పెద్ద ఎత్తునే జరిగింది. 2016 నవంబర్‌లో తెరిచిన బాలీవుడ్ పార్క్స్‌లో షోలే, లగాన్, దబంగ్, డాన్, క్రిష్ లాంటి సినిమాల పేరుతో రైడ్‌లు, షోలు పెట్టారు. 2021లో 140 మీటర్ల ఎత్తు ఊయల రైడ్‌తో సహా కొత్తవి చేర్చారు. 2023లో పార్కు మూతపడింది. కారణాలు ఒకటి కాదు. ఊరికి దూరం, కొద్ది నెలల తేడాతో పక్కపక్కనే మరో రెండు పార్కులు తెరవడం, అప్పులు, మధ్యలో కరోనా. అయితే కథ పరంగా కూడా ఒక ఇరుకు ఉంది. షోలేలో రామ్‌గఢ్ అనే ఊరుంది నిజమే, కానీ ఆ ఊళ్లో ఒక పూట ఉందామని ఎవరూ కలలు కనరు. గబ్బర్‌ను చూడాలనుకుంటారు, ఆ గొంతు వినాలనుకుంటారు. అందుకు సోఫా చాలు. ముంబై–పుణె మధ్య ఖోపోలీలో 2013లో తెరిచిన ఇమాజికా పార్కులో మిస్టర్ ఇండియా పేరుతో, తెర మీది బొమ్మకు తగ్గట్టు కుర్చీలు కదిలే సిమ్యులేటర్ రైడ్ పెట్టారు. ఆ సినిమా 1987 నాటిది. రైడ్ ఎక్కే పిల్లల కన్నా వాళ్ల నాన్నలకు బాగా తెలిసిన కథ. అప్పుల బరువుతో నడిచిన ఆ పార్కు 2022లో చేతులు మారింది. తప్పంతా సినిమా మీద వేయడం అన్యాయమే, కానీ రైడ్ తెరిచే నాటికే కథకు 26 ఏళ్లున్నాయన్నది లెక్కలోకి రావాలి.

ఎంజీ కట్టేది పదిహేనేళ్లకు

నైజాం ఏరియాలో సినిమా కొనేవాళ్లకు ఎంజీ అంటే చెప్పక్కర్లేదు. సినిమా ఆడినా ఆడకపోయినా కట్టితీరాల్సిన మినిమమ్ గ్యారంటీ. థీమ్ పార్కు లైసెన్సులోనూ సాధారణంగా ఉండేది ఇదే: ఏటా ఇంత గ్యారంటీ, దాని పైన టికెట్ల మీద, బొమ్మల మీద శాతం. తేడా ఏమిటంటే థియేటర్ బయ్యర్ గండం రెండు వారాల్లో తేలిపోతుంది, పార్కుకు పది, పదిహేనేళ్లు సాగుతుంది. హక్కుదారు ఆమోదం లేకుండా గోడ రంగు మార్చలేరు. పాత్ర వేషం వేసినవాడు దారి పక్కన బీడీ కాలిస్తే కూడా ఒప్పందం ఉల్లంఘన కిందికి రావచ్చు. గడువు తీరాక పునరుద్ధరించకపోతే గుర్తులన్నీ తీసేయాలనే షరతు ఉంటుంది. లోకం మొత్తం ఆ సినిమాదే అయినప్పుడు తీసేయడమంటే కూలగొట్టడమే.

మన దగ్గర ఇంకో ముడి ఉంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సినిమాకు కర్త నిర్మాత, హక్కు 60 ఏళ్లు. నిర్మాత సంతకం పెట్టాడంటే పని అయిపోయిందనుకుంటే పొరపాటు. నటుడి ముఖం, గొంతు వాడుకోవడానికి వేరే ఒప్పందం కావాలి. ఆడియో హక్కులు చాలాసార్లు మ్యూజిక్ కంపెనీ దగ్గర ఉంటాయి. 2012 సవరణ తర్వాత, పాట థియేటర్లో సినిమాతో పాటు వినిపిస్తే సరే, ఇంకెక్కడ వాడినా రాసినవారికి, బాణీ కట్టినవారికి రాయల్టీ వాటా ఉంటుంది. అంటే పార్కులో స్తంభానికి కట్టిన స్పీకర్‌లో ఆ పాట రోజంతా మోగితే బిల్లు వేరుగా వస్తుంది. మాహిష్మతి కట్టి అందులో ఆ ముఖాలూ ఆ పాటలూ లేకపోతే అది మరో కోట, అంతే.

ఒప్పందం ఎంత మొండిదో చూపే ఉదాహరణ ఫ్లోరిడాలో ఉంది. మార్వెల్ 1994లో తన పాత్రల పార్కు హక్కులు యూనివర్సల్‌కు ఇచ్చింది. 2009లో మార్వెల్‌ను డిస్నీ కొనేసింది. అయినా ఇవాళ్టికీ ఓర్లాండోలో స్పైడర్‌మ్యాన్ రైడ్ ఎక్కాలంటే యూనివర్సల్‌కే పోవాలి. సొంత పాత్రను సొంత పార్కులో పెట్టుకోలేని పరిస్థితి యజమానిది.

అనుభవమున్న పార్కులు చివరికి జాతర రాట్నం పద్ధతికే వస్తున్నాయి. పాటర్ లోకంలో 2010లో కనిపించిన డ్రాగన్ కోస్టర్ కొత్తది కాదు, 1999లో పార్కు తెరిచినప్పటి జంట కోస్టర్‌కే పేరు, వేషం మార్చారు. డిస్నీలో స్ప్లాష్ మౌంటెన్ 1946 నాటి సినిమా మీద కట్టిన నీటి రైడ్. ఆ సినిమా నల్లజాతివారిని చూపిన తీరు మీద విమర్శలు పెరిగి పేరు మోయలేనిదైంది. కాలువ, దుంగపడవలు, చివరి జారుడు అలాగే ఉంచి 2024లో మరో కథ తొడిగారు. 1967లో కట్టిన పైరేట్స్ రైడ్ మీద 2003లో సినిమాయే వచ్చింది. కాలువ బాగుంటే కథ ఏదైనా నడుస్తుంది.

ఎండ, చెద, బోరు నీళ్లు

సెట్‌కూ కట్టడానికీ ఉన్న తేడా ఇక్కడ బయటపడుతుంది. షూటింగ్ సెట్‌లో రీపర్ల చట్రం, దాని మీద ప్లైవుడ్, కోడివల, పీఓపీ, రంగు ఉంటాయి. కెమెరా చూసే వైపే పని, వెనక వైపు ఖాళీ. కొన్ని నెలలు నిలిస్తే చాలు. జనం రోజూ చెయ్యేసి ఆనుకునే గోడకు ఇది పనికిరాదు. మొదటి వానకు అడుగు నుంచి తడి ఎక్కుతుంది, పీఓపీ ఉబ్బి రాలుతుంది, రెండో ఏడు చెద పడుతుంది. చెద ఎంత పని చేస్తుందో మహబూబ్‌నగర్‌కు చెప్పక్కర్లేదు. పిల్లలమర్రిలో 2017 చివర్లో పెద్ద కొమ్మ విరిగిపడ్డాక, సెలైన్ సీసాల్లో మందు నింపి చెట్టుకు చుక్క చుక్కగా ఎక్కించాల్సి వచ్చింది. వందల ఏళ్ల మర్రినే తినేసే చెదకు 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ఒక లెక్కా.

శాశ్వతంగా కట్టాలంటే ఇనుప చట్రం మీద జీఆర్‌సీ పలకలు వాడాలి. ఇది గాజు పీచు కలిపిన సిమెంటు, 10 నుంచి 15 మిల్లీమీటర్ల మందం. ఇక్కడ జరిగే మోసం ఒకటే: మామూలు గాజు పీచును సిమెంటులోని క్షారం కొన్నేళ్లకు తినేస్తుంది, పలక పెళుసై అంచుల్లో విరుగుతుంది. క్షారాన్ని తట్టుకునే పీచు అని పరీక్ష కాగితం చూసి తీసుకోవాలి. ఫైబర్ బొమ్మలకు పై పూత ఎండకు సుద్దలా తెల్లబారుతుంది. వేలితో రాస్తే పొడి అంటితే మళ్లీ రంగు వేయాల్సిన టైమొచ్చినట్టు. మేలో 44 డిగ్రీలు నల్గొండకు వింత కాదు. ఆ ఎండలో నల్ల రంగు వేసిన ఇనుప రెయిలింగ్ చేతిని కాలుస్తుంది. చీకటి కోట, బూడిద రంగు లోకం తెర మీద బాగుంటాయి గానీ ఇక్కడ అవి పొయ్యిలే.

చల్లదనానికి క్యూలో నీటి తుంపర్ల ఫ్యాన్లు పెడతారు. వాటి నాజిల్ రంధ్రం మిల్లీమీటర్‌లో మూడో వంతు కూడా ఉండదు. బోరు నీళ్లు నేరుగా ఇస్తే వారాల్లోనే సున్నం పొర కట్టి మూసుకుపోతుంది, ఆ తర్వాత తుంపర్లు పోయి చుక్కలు పడతాయి, కింద నేల జారుతుంది. మెత్తని నీరు చేసే ప్లాంటు ముందే లెక్కలో ఉండాలి. తాగే నీటికి బోరును తలచుకోనే వద్దు. ఫ్లోరైడ్ తీసే పద్ధతికే నల్గొండ పేరు పెట్టిన నేల ఇది. కృష్ణా నీళ్ల కనెక్షన్ ఉంటేనే జాగ చూడాలి.

సినిమా ఊహకు రాతి ఒళ్లు తొడిగితే ఎలా ఉంటుందో యాదగిరిగుట్టలో కనిపిస్తుంది. 2022 మార్చిలో పునఃప్రారంభమైన ఆ గుడికి రూపకల్పన చేసింది సినిమా ఆర్ట్ డైరెక్టర్ ఆనంద్ సాయి. వాడింది కృష్ణశిల. కంటికి సెట్ వైభవం ఉంది, చేతికి రాయి తగులుతుంది. అయితే ఆ ఖర్చు, ఆ ఏళ్లు దేవుడికి పెడతారు, టికెట్ పార్కుకు పెట్టరు.

గంటకు ఎంతమంది

సినిమా లోకాలు ఎక్కువగా దెబ్బతినేది ఈ లెక్క దగ్గర. పేరు చూసి వచ్చినవాళ్లందరూ ఒకే రైడ్ మీద పడతారు. 12 మంది కూర్చునే రైడ్ ఎక్కించి, తిప్పి, దింపడానికి 5 నిమిషాలు పడితే గంటకు 144 మంది, 8 గంటలకు 1,152. ఆ రోజు 6,000 మంది వస్తే ఐదుగురిలో ఒకరికి దొరుకుతుంది. మిగతా నలుగురూ సినిమాను తిట్టుకుంటూ ఇంటికి పోతారు. ఇద్దరు కూర్చునే బండ్లు ఆగకుండా 5 సెకన్లకొకటి కదులుతూ చీకటి గదుల గుండా పోయే రైడ్‌లో గంటకు 1,440 మంది పోతారు. దాని ధర కూడా అలాగే ఉంటుంది.

మధ్య దారి సిమ్యులేటర్ డోమ్, అంటే గుమ్మటం లాంటి తెర ముందు కదిలే కుర్చీలు. 40 సీట్లు, 4 నిమిషాల బొమ్మ, ఎక్కడానికి దిగడానికి 6 నిమిషాలు. ఒక డోమ్‌కు గంటకు 240 మంది, రెండు పెట్టి ఒకటి ఆడుతుంటే ఒకటి నింపితే 480. రోజుకు 3,840. ఇది కాగితం లెక్క, ఇందులో నాలుగో వంతు కొట్టేసుకోవాలి. ఎందుకంటే చీర కొంగు, చున్నీ బిగించి సర్దేదాకా సీటు ముందు బార్ వేయకూడదు. చెప్పులు విప్పించాలి. ఎనిమిది మంది కుటుంబం ఆరు ఖాళీ సీట్లకు విడిపోదు, తర్వాతి ఆట దాకా ఆగుతుంది. విదేశాల్లో ఖాళీ సీట్లు నింపే ఒంటరివాళ్ల క్యూ ఇక్కడ దాదాపు ఖాళీగానే ఉంటుంది. మిగిలేది 2,880. 45 నిమిషాల క్యూ అంటే ఒకేసారి 270 మంది నిలబడతారు. మనిషికి అర చదరపు మీటరు పైచిలుకు చొప్పున 150 చదరపు మీటర్ల నీడ కావాలి. సినిమా లైసెన్సుకు కోట్లు పోసి ఈ రేకుల పందిరి దగ్గర పొదుపు చేసే ప్లాన్లు కనిపిస్తుంటాయి.

డోమ్‌కు ఇంకో లాభం ఉంది. లోపలి బొమ్మ ఒక ఫైలు. రెండేళ్ల లైసెన్సు తీసుకుని ఒక సినిమా ఆడించి, గడువు తీరగానే ఇంకోటి వేయొచ్చు. కుర్చీల కదలికను కొత్త బొమ్మకు తగ్గట్టు మళ్లీ అమర్చడానికి కొన్ని వారాల పని. ముఖద్వారం మీద బోర్డులు బోల్టులతో బిగించినవైతే రాత్రికి రాత్రి మారతాయి.

ఇక్కడ కట్టాల్సి వస్తే

కదలని కట్టడానికి లైసెన్సు అక్కర్లేని కథ, కదిలే డోమ్‌కు, షోకు సినిమా. దక్షిణ తెలంగాణకు సరిపోయే పంపకం ఇది. మాహిష్మతి స్థాయి కథ దొరికి, అది దీర్ఘకాలం చేతిలో ఉంటే లోకం కట్టొచ్చు. ఆ అవకాశం దాన్ని తీసినవాళ్లకే ఎక్కువ, వాళ్లకు సెట్ ఖర్చు సినిమా ఖాతాలోనే పడింది.

లైసెన్సు అక్కర్లేని కథలకు కరువు లేదు. రాచకొండ గుట్టలను 2014లో ప్రభుత్వమే ఫిల్మ్ సిటీ కోసం ఏరియల్ సర్వే చేసింది. నాట్యశాస్త్రం మీద గ్రంథం రాసిన సర్వజ్ఞ సింగభూపాలుడు ఏలిన రాజధాని అది. పానగల్లులో ఛాయా సోమేశ్వరుడి గర్భగుడిలో పొద్దంతా ఒక స్తంభం నీడ నిలిచే ఉంటుంది. ఎదుట స్తంభాలు నిలబెట్టిన తీరుతో, వేర్వేరు దిక్కుల నుంచి వచ్చే వెలుతురుతో సాధించిన మాయ. అసలు గుడిని ముట్టుకోకుండా ఆ సూత్రంతో ఒక గది కడితే తెర, ప్రొజెక్టర్, కరెంటు ఏదీ లేని స్పెషల్ ఎఫెక్ట్. ఫ్రాన్స్‌లోని పుయ్ దు ఫూ ఇలాంటి సరుకు మీదే బతుకుతోంది. ఎక్కే రైడ్‌లు లేవు, సినిమా లేదు, చరిత్ర షోలే. అక్కడి రాత్రి ప్రదర్శన 1978 నుంచి చుట్టుపక్కల ఊళ్ల వలంటీర్లతో నడుస్తోంది. ఒగ్గు కళాకారులున్న జిల్లాలకు అది అర్థం కాని పద్ధతేమీ కాదు.

ఒక్కటి మాత్రం ఆలోచించి పెట్టాలి. దొరల గడీ ముఖద్వారం ఫొటోకు బాగుంటుందని చాలామంది డిజైనర్లకు మోజు. వెట్టి చేసిన ఇళ్ల పిల్లలే ఇక్కడ టికెట్ కొనేవాళ్లు. సాయుధ పోరాటం జరిగిన జిల్లాలో దొర కుర్చీని సెల్ఫీ పాయింటు చేస్తే అది రంగుల విషయంగా మిగలదు.

తెరిచే నెల కూడా ముఖ్యమే. ఎండాకాలం సెలవుల రద్దీ పట్టుకుందామని చాలామంది ఏప్రిల్‌లో రిబ్బన్ కత్తిరిస్తారు. అప్పటికి గోడలు ఒక్క వాన చూసి ఉండవు, సిబ్బంది ఒక్క గుంపును నడిపి ఉండరు. జూన్ నాటికి కట్టడం పూర్తి చేసి, వానాకాలమంతా కురిసే చోట్లు గుర్తుపెట్టి మూసుకుని, నవంబర్‌లో స్కూలు బస్సులతో మొదలుపెడితే మంచిది. రోజుకు వెయ్యి మంది పిల్లలు, వారంలో ఐదు రోజులు. ఏ బోల్టు వదులవుతుందో, ఏ మలుపులో క్యూ తోసుకుంటుందో ఫిబ్రవరికల్లా తెలుస్తుంది. ముఖద్వారం మీద సినిమా బోర్డు మార్చిలో బిగించినా ఆలస్యం కాదు.